ఉంగరం ఎక్కడ దొరికింది

రొవేనా మొదటిసారి మా ఆఫీసుకి వచ్చినప్పుడు కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి, చేతిలో ఉన్న అట్టపెట్టెని రెండు పాదాల మధ్య పెట్టుకుంది. గిమారస్ దీవి నుంచి పొద్దుటి పడవలో వచ్చింది. గౌను అంచు ఉప్పునీళ్ళతో తడిసి ఉంది కానీ పెట్టె మీద చుక్క నీరు పడలేదు. దారి పొడుగునా ఒళ్ళోనే పెట్టుకున్నట్టుంది.

"మీకూ ఆ ఏజెన్సీకీ ఏమైనా సంబంధం ఉందా?" అని అడిగింది.

"లేదమ్మా," అన్నాను.

"ఉంటే మాత్రం ఉందని చెప్తారా?"

నేను కుర్చీని ఇంకాస్త ముందుకి జరిపాను.

ఇలోయిలోలో నది ఒడ్డున, ఒక నూడుల్సు హోటలు పైన మాది రెండు గదుల ఆఫీసు. అటార్నీ పాల్మారెస్ గారు ఓడల మీద దెబ్బలు తగిలినవాళ్ళ కేసులు, చనిపోయినవాళ్ళ పెళ్ళాంబిడ్డల కేసులు తప్ప మరొకటి పట్టుకోరు. నేను, ఫెలిమోన్‌ని, ఆవిడ దగ్గర గుమాస్తాను. అంతకుముందు పంతొమ్మిదేళ్ళు ఓడల మీద నావికుణ్ణి. మా ఊళ్ళో ఇంటికొకడు ఓడెక్కుతాడు కాబట్టి మాకు పనికి లోటుండదు. అలా ఉండడం మంచి సంగతేమీ కాదు.

"వీధి నిండా లాయర్లున్నారు కదా, మా దగ్గరికే ఎందుకొచ్చావు?" లోపలి గదిలోంచి అటార్నీ గారు అడిగారు.

"మీ బోర్డు అన్నిటికంటే చిన్నది. పెద్ద బోర్డులవాళ్ళు ఎవరి డబ్బుతో కట్టించుకున్నారో ఎవరికి తెలుసు?"

అటార్నీ గారు బయటికి వచ్చి ఆమెని తేరిపార చూశారు. "సరే. కూర్చోకపోయినా ఫరవాలేదు. చెప్పు."

రొవేనా చెప్పింది. భర్త నార్బెర్టో గుంబాన్, నలభై ఒకటో ఏడు, ఖనిజం మోసే ఓడ మీద నావికుడు. పదకొండు వారాల కిందట కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. చిలీ తీరంలో ఒక రేవుకి చేరబోతుండగా, పొద్దున్న పావు తక్కువ ఆరుకి, అతను తనంతట తానే సముద్రంలోకి దూకాడని, రెండు రోజులు వెతికినా దొరకలేదని అందులో ఉంది. ఆ తర్వాత అతన్ని ఓడ పనికి పంపిన ఏజెన్సీ నుంచి మిస్ కొరీనా అని ఒకావిడ అతని సామాను పెట్టె, బియ్యం బస్తా, బిస్కెట్ల డబ్బా పట్టుకుని దీవికి వచ్చింది. నార్బెర్టో ఫోటో ముందు కూర్చుని ఏడ్చింది కూడాను. ఏడుపయ్యాక సంచిలోంచి కాగితం తీసి, సామాను అందినట్టు సంతకం చెయ్యమంది.

"రెండో పేజీ ఉంది. మొదటి పేజీ పెద్ద అక్షరాలు, రెండో పేజీ చీమ తలకాయలంత. ఆవిడ రెండో పేజీని వేళ్ళకింద పెట్టుకుని మొదటిది చూపించింది. అప్పుడే అనుకున్నాను, ఈవిడ కన్నీళ్ళు బిస్కెట్ల డబ్బాతో పాటే కొనుక్కొచ్చినవని."

"ఏముంది రెండో పేజీలో?"

"ఇకమీదట కంపెనీని ఏ హక్కూ అడగనని. నేను సంతకం పెట్టలేదు. పెట్టె మాత్రం గుమ్మంలోపలికి లాగేసుకున్నాను. శవం రాని ఇంటికి వచ్చిన పెట్టెని వెనక్కి లాక్కుపోయే మొహం ఆవిడకి లేకపోయింది."

అటార్నీ గారు నా వైపు చూశారు. ఇలాంటి మనిషి మాకు ఏడాదికి ఒకరు దొరికితే గొప్ప. చాలామంది సంతకం పెట్టేశాకే వస్తారు.

"చూడు రొవేనా," అన్నారావిడ. "ఒప్పందం నడుస్తుండగా నావికుడు చనిపోతే కంపెనీ పరిహారం ఇచ్చి తీరాలి. అది తప్పించుకోడానికి వాళ్ళకి ఉన్నది ఒకటే సందు, కావాలని ప్రాణం తీసుకున్నాడని చూపించడం. అది రుజువు చెయ్యాల్సిన బరువు వాళ్ళది. నీది కాదు. ఇంతకీ ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా?"

"లేవు."

"అప్పులు? తాగుడు? మనసు బాగోలేకపోవడం?"

"ఏమీ లేవన్నాను కదా."

మరీ తొందరగా అంది. అటార్నీ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిడ అలా చేశారంటే నమ్మలేదని అర్థం.

పెట్టె నా బల్ల మీద విప్పింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. చొక్కాలు, నిక్కర్లు, ఫోన్ చార్జరు, జపమాల, రబ్బరు చెప్పులు. చిన్న కవరులో పెళ్ళి ఉంగరం. ఆ కవరు విప్పి చూసి వెంటనే మూసేసింది. నేను ఒక్కొక్కటే రాసుకున్నాను. ఓడ మీద ఎవరైనా చనిపోతే ఇద్దరు ఆఫీసర్లు కూర్చుని అతని సామాను జాబితా రాసి పెట్టెలో పెట్టడం ఆనవాయితీ.

"జాబితా కాగితం ఏదమ్మా?"

"రాలేదు."

అది కూడా తొందరగానే అంది.

ఆమె కాగితాలన్నిటికీ జిరాక్సులు తన కళ్ళముందే తీయించింది. అసలువి తిరిగి సంచిలో పెట్టుకుంది. మా ఒప్పంద పత్రం మీద కూడా అప్పుడు సంతకం చెయ్యలేదు. దీవిలో ఫాదరు గారికి చదివించి, వారం తర్వాత తెచ్చింది. వెళ్ళేటప్పుడు నా ఎడమ చెయ్యి చూసి ఆగింది.

"ఆ వేలేమైంది?"

"తాడు లాక్కుపోయింది. ఉంగరం తియ్యకుండా పనిలోకి దిగాను."

"కంపెనీ ఏమిచ్చింది?"

"ఏమీ ఇవ్వలేదు. ఓడ దిగిన మూడు పనిదినాల్లో వాళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి కనబడాలి. నేను ముందు మా అమ్మకి కనబడ్డాను."

"మరి ఈ అటార్నీ గారు గెలిపించలేదా?"

"అప్పటికి ఆవిడ నాకు తెలీదు."

"ఓడిపోయినవాణ్ణి చూసి గుమాస్తాగా పెట్టుకున్నారన్నమాట," అని మెట్లు దిగిపోయింది.

కేసు లేబర్ కోర్టులో వేశాం. మా కేసుల్లో సినిమాల్లోలా బోనులూ అరుపులూ ఉండవు. రెండు పక్షాలూ కాగితాలు దాఖలు చేస్తాయి, మధ్యవర్తి వాటిని చదివి తీర్పు రాస్తాడు. మధ్యలో రెండు మూడుసార్లు పిలిచి రాజీకి వస్తారా అని అడుగుతాడు. ప్రతి వాయిదాకీ రొవేనా వచ్చేది. కంపెనీ లాయరు అటార్నీ గారికి నమస్కారం పెట్టినా ఆమె కళ్ళు అతని చేతుల మీదే ఉండేవి, ఏదైనా కవరు చేతులు మారుతుందేమోనని. ఒకసారి వాళ్ళిద్దరూ వరండాలో నిలబడి కాఫీ తాగారు. ఆ సాయంత్రం రొవేనా నాకు ఫోన్ చేసింది.

"కాఫీ డబ్బులు ఎవరిచ్చారు?"

"ఎవరిది వాళ్ళే ఇచ్చుకున్నారమ్మా."

"మీరు చూశారా?"

నిజం చెప్పాలంటే అనుమానం ఆమెకే కాదు, మాకూ ఉంది. ఆమె ఏదో దాస్తోందని అటార్నీ గారికి మొదటి రోజే తెలుసు. "క్లయింటు దాచిన నిజం ఎప్పుడూ అవతలివాళ్ళ కాగితాల్లోనే బయటపడుతుంది ఫెలిమోన్," అనేవారు.

అయిదో నెలలో అలాగే బయటపడింది.

కంపెనీవాళ్ళు మూడు కాగితాలు దాఖలు చేశారు. మొదటిది కెప్టెను రాసిన నివేదిక. రెండోది టైపు చేసిన సామాను జాబితా. మూడోది ఆ ఓడలో బోసన్‌గా, అంటే డెక్కు పనివాళ్ళ మీద మేస్త్రీగా ఉన్న క్రిస్పిన్ ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలం. అటార్నీ గారు రొవేనాని పిలిపించారు. ఈసారి కూర్చుంది. అటార్నీ గారు వాంగ్మూలం పైకి చదివారు.

"'చనిపోవడానికి మూడు రోజుల ముందు నార్బెర్టోకి భార్య ఫోన్ చేసింది. వేరే స్త్రీ విషయమై వాళ్ళు పెద్దగా గొడవ పడ్డారు. ఇంటికి రావద్దని ఆమె అన్నట్టు నాకు చెప్పాడు. ఆ తర్వాత అతను సరిగా తినలేదు. ఏడవడం నేను కళ్ళారా చూశాను.'" కాగితం బల్ల మీద పడేశారు. "ఏమిటిది? గొడవలేమీ లేవన్నావే! అయిదు నెలలు నన్ను గుడ్డిదాన్ని చేసి నడిపించావా? వాళ్ళు ఇది నా మొహాన కొడతారని నీకు తెలీదా? నీ మొగుడు చచ్చిపోయింది నీవల్లేనని వాళ్ళు రాశారు, చదువుకో!"

ఆవిడ అంత గట్టిగా అరవడం నేను అంతకుముందెప్పుడూ వినలేదు. కింద హోటల్లో గిన్నెల చప్పుడు కూడా ఆగినట్టనిపించింది.

రొవేనా వాంగ్మూలం కాగితాన్ని బోర్లించింది. తర్వాత బల్ల అంచు పట్టుకుని చెప్పింది.

"క్రిస్పిన్ పరాయివాడు కాదు. నా కూతురి జ్ఞానస్నానంలో తండ్రిలా నిలబడ్డాడు. నార్బెర్టోని ఆ ఓడలో పెట్టించింది కూడా అతనే. అందుకే దాచాను, అతను చెప్పడనుకున్నాను. ఎవరో ఒక ఫోటో పంపారు. మనీలాలో ఏదో హోటల్లో నార్బెర్టో పక్కన ఒక ఆడమనిషి. నవ్వుతోంది. అడిగాను. ఎవరో తెలీదన్నాడు, ఎవరి పుట్టినరోజో అన్నాడు. తెలీనిదాని భుజం మీద చెయ్యేస్తారా అన్నాను. ఇక్కడికి రాకు, దాని దగ్గరికే పో అన్నాను. మా షైలా పక్క గదిలో ఉంది. పదిహేనేళ్ళ పిల్ల. అంతా వింది. ఉత్తరం వచ్చిన రోజునుంచి అది నాతో మాట్లాడట్లేదు. అన్నం పెడితే తింటుంది. బట్టలు ఉతుక్కుంటుంది. మాట మాత్రం లేదు. దానికి తెలుసు, నేనే చంపానని."

అటార్నీ గారు మంచినీళ్ళు ఆమె ముందుకి జరిపి, గొంతు తగ్గించి జాబితా చదివారు. ఆఖరి వరుస మీద వేలు పెట్టారు.

"'పెళ్ళి ఉంగరం ఒకటి. క్యాబిన్లో, దిండు మీద.'"

ఇది చాలు కేసు మునగడానికి. పెళ్ళాంతో గొడవపడ్డవాడు పెళ్ళి ఉంగరం తీసి దిండు మీద పెట్టి సముద్రంలో దూకాడంటే ఏ మధ్యవర్తి నమ్మడు?

"అబద్ధం," అంది రొవేనా.

"ఏది?"

"దిండు మీద కాదు." మెడలోని దారానికి కట్టుకున్న చిన్న గుడ్డసంచిని గౌను లోపలినుంచి బయటికి లాగింది. అందులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. చెమటకి అంచులు పసుపెక్కాయి. "పెట్టె అడుగున, పాత పేపరు కింద ఉంది."

చేత్తో రాసిన జాబితా. అడుగున రెండు సంతకాలు, ఓడ ముద్ర. ఆఖరి వరుసలో ఇంగ్లీషులో ఉంది: ఉంగరం ఒకటి, బోసన్ స్టోరులో, అర మీద.

"ఇది నీ దగ్గరుంచుకుని..." అటార్నీ గారు కాగితం అందుకున్నారు.

"స్టోరు అంటే దుకాణం కదా! ఉంగరం ఏదో దుకాణంలో అమ్మేశాడనుకున్నాను. ఆ ఆడదానికి ఏదైనా కొనిపెట్టడానికి తాకట్టు పెట్టాడేమో, చచ్చాక వీళ్ళు విడిపించి పంపారేమో అనుకున్నాను. అది నలుగురికీ ఎలా చూపించను?" ఆమె మొహం ఎర్రబడింది. "ఇంకోటి కూడా. మీకిస్తే కంపెనీకి అమ్మేస్తారేమో అనుకున్నాను."

"ఇప్పుడు మాత్రం ఎందుకు తీశావు?"

"మీరు నా మీద అరిచారు. నన్ను అమ్మేసేవాళ్ళయితే తీపిగా మాట్లాడేవాళ్ళు."

నేను అప్పటికే లేచి నిలబడ్డాను.

"అమ్మా, అది దుకాణం కాదు. ఓడ ముందుభాగంలో తాళ్ళు, కొక్కేలు, రంగు డబ్బాలు పెట్టే గది. డెక్కు మీద పనికి దిగేముందు అక్కడే హెల్మెట్టు పెట్టుకుంటాం, చేతిజోళ్ళు తొడుక్కుంటాం. ఉంగరం ఉన్నవాడు తీసి ఆ అర మీద పెట్టి పోతాడు. పెట్టకపోతే ఏమవుతుందో ఇదుగో చూడండి." నా చెయ్యి ఆమె ముందు పెట్టాను. "చావబోయేవాడు బోసన్ స్టోరుకి పోడు. తాళ్ళ పనికి పోయేవాడే పోతాడు."

రొవేనా నా చేతిని, కాగితాన్ని మార్చి మార్చి చూసింది. ఏడవలేదు. "మీరు నన్ను ఓదార్చడానికి చెప్పట్లేదు కదా?" అంది.

మర్నాడు రొవేనా, నేను క్రిస్పిన్ ఇంటికి వెళ్ళాం. నది ఎగువన, ఊరి చివర అతని ఇల్లు. సెలవు మీద ఉన్నాడు. మధ్యాహ్నం భోజనాలవేళ. అతని భార్య కాఫీ, ఆకులో చుట్టి వండిన కొబ్బరిపాల అన్నం పెట్టి, రొవేనా మొహం చూసి లోపలికి తప్పుకుంది. క్రిస్పిన్ మాటిమాటికీ గేటు వైపు చూశాడు, మా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని.

"వదినా, నన్నేమీ అడక్కు. చెప్పాల్సింది కాగితంలో చెప్పాను."

"అందులో ఉన్నది నిజమేనా?"

"నిజమే. ఏడ్చాడు. అది నేను కల్పించలేదు."

ఆ మాట ఆమెకి ఎక్కడ తగిలిందో నాకు కనిపించింది. అయినా ఆగలేదు. "మరి ఉంగరం బోసన్ స్టోరులోకి ఎలా పోయింది అన్నా? నీ స్టోరే కదా. తాళం నీ దగ్గరే ఉంటుంది కదా."

క్రిస్పిన్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. చేతులు మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు.

"నేనే పంపాను. రేవులోకి ఓడని నడిపించే పైలట్ చిన్న పడవలో వస్తాడు. ఆయన ఎక్కడానికి పక్కన తాళ్ళ నిచ్చెన వెయ్యాలి. ఇంకా అరగంట ఉందనుకున్నాం, పడవ ముందే వచ్చేసింది. పైనుంచి ఛీఫ్ ఆఫీసరు రేడియోలో బూతులు తిడుతున్నాడు. నడుముకి తాడు కట్టుకునే టైము లేదు. 'పోరా, నేను పట్టుకుంటాలే' అన్నాను. అల పెద్దది. నేను పట్టుకోలేదు వదినా. నా చెయ్యి అక్కడే ఉంది, కానీ పట్టుకోలేదు."

"మరి దూకాడని ఎందుకు రాశావు?"

"ప్రమాదమంటే తప్పు నాదేనన్నాడు కెప్టెను. తాడు లేకుండా మనిషిని దించింది నువ్వే, చిలీలో దింపేస్తే జైల్లో కుళ్ళిపోతావన్నాడు. సంతకం పెట్టాను. నాకు ముగ్గురు పిల్లలు."

"నాకొకతే ఉంది," అంది రొవేనా. "అది నాతో మాట్లాడదు. ఇప్పుడు చెప్పింది కోర్టులో చెప్తావా?"

"చెప్పను. అడిగితే అననే లేదంటాను." మొహం పక్కకి తిప్పుకున్నాడు. "నన్ను ఏ ఓడా ఎక్కించుకోదు, వదినా."

"ఇంకొక్కటి. ఆ ఫోటోలో ఆడమనిషి ఎవరు?"

"నాకు తెలిసి వాడికి ఎవరూ లేరు. నాకు తెలియనిది నేను చెప్పలేను."

జీపు కోసం రోడ్డు మీద నిలబడ్డాం. ఎండ చురుక్కుమంటోంది. రొవేనా గొడుగు తియ్యలేదు.

"మీరు పంతొమ్మిదేళ్ళు ఓడ మీద ఉన్నారు. నిజం చెప్పండి. మూడు రోజులు తినకుండా ఏడ్చినవాడికి నిచ్చెన మీద చేతులు పట్టు తప్పుతాయా?"

తప్పవని చెప్పొచ్చు. నా నోటిదాకా వచ్చింది. కానీ ఆమె నా మొహాన్ని చదువుతోంది.

"తప్పొచ్చు, తప్పకపోవచ్చు. తాడు ఉంటే మాత్రం ఎవరూ పడరు," అన్నాను.

ఆమె తల ఊపింది. అప్పటినుంచే నన్ను అన్నా అని పిలవడం మొదలుపెట్టింది.

తర్వాతి వాయిదాకి కంపెనీ లాయరు చేతివ్రాత జాబితా చూసి నవ్వాడు. "ఇది ఎవరు రాశారో ఎవరికి తెలుసు? అయిదు నెలల తర్వాత గౌనులోంచి ఊడిపడ్డ కాగితం!" అని, వెంటనే రాజీకి కబురు పెట్టాడు. నకిలీ కాగితానికి భయపడి రాజీకి ఎవరూ రారు. అది అటార్నీ గారికీ తెలుసు, మధ్యవర్తికీ తెలుసు. అడిగినదాంట్లో సగం ఇస్తాం, ఆత్మహత్య అన్న మాట అలాగే ఉంటుంది, ఇక ఎవరూ నోరెత్తకూడదు అన్నారు.

"సగం కాదు, మొత్తం ఇచ్చినా ఆ మాట ఉంటే నాకొద్దు," అంది రొవేనా.

"ఆలోచించుకోండమ్మా. ఓడిపోతే ఏమీ రాదు," అన్నాడు మధ్యవర్తి మెల్లగా. ఆయన మంచికే అన్నాడు. కానీ రొవేనా ఆయన వైపు కూడా అనుమానంగానే చూసింది.

కాగితం నిజమైనదని చూపించే దారి కోసం వారం రోజులు నేను నిద్రపోలేదు. చివరికి కంపెనీవాళ్ళే ఇచ్చిన కట్టలో దొరికింది. ఆ పొద్దున నార్బెర్టో డ్యూటీలో లేడని, విశ్రాంతిలో ఉన్నాడని చూపించడానికి వాళ్ళు మొదట్లోనే డెక్కు పనివాళ్ళ పనిగంటల పట్టీలు దాఖలు చేశారు. నెల నెలా వాటిని చేత్తో నింపింది ఓడలో థర్డ్ ఆఫీసరు. అతను ఏడు అంకె రాస్తే నడుముకి అడ్డగీత గీస్తాడు. పేర్లన్నిటి కిందా అలలాంటి గీత పెడతాడు. మా జాబితాలోనూ అదే ఏడు, అదే అల, కింద అదే సంతకం. రెండూ పక్కపక్కన పెట్టి అటార్నీ గారు మధ్యవర్తి బల్ల మీదకి తోశారు. "వాళ్ళ కాగితమే మా కాగితానికి సాక్ష్యం," అన్నారు.

అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చున్న కంపెనీ లాయరు సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు.

తీర్పు రెండు నెలలకి వచ్చింది. ఒకే సామానుకి రెండు జాబితాలు ఉన్నాయని, ఉంగరం చోటు మార్చి రాసినవాళ్ళ మాట మీద ఒక మనిషి తన ప్రాణం తీసుకున్నాడని నమ్మలేమని, గొడవపడ్డ ప్రతి మొగుడూ దూకడని మధ్యవర్తి రాశాడు. నార్బెర్టో గుంబాన్ విధుల్లో ఉండగా మరణించాడు అన్న వాక్యం ఉంది. కంపెనీ పై కమిషన్‌కి వెళ్ళింది. అక్కడ ఏడాది పట్టింది. తీర్పు నిలబడింది. చెక్కు తీసుకునే రోజున రొవేనా దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసి, బ్యాంకు మేనేజరు దగ్గరికి ముందు నన్ను పంపింది, అది చెల్లుతుందో లేదో అడిగి రమ్మని.

కేసు ముగిసిందని అటార్నీ గారు కట్ట కట్టి అటక మీద పెట్టేశారు. ఆ తర్వాత పది రోజులకి క్రిస్పిన్ మా మెట్లెక్కి వచ్చాడు.

బాగా చిక్కిపోయాడు. ఇక ఓడెక్కడం లేదన్నాడు. వైద్యపరీక్షలో రక్తపోటని తిప్పి పంపేశారట. "వాంగ్మూలం ఇస్తాను. ఈసారి నిజమైనది," అన్నాడు.

"ఇప్పుడెందుకయ్యా? కేసు అయిపోయింది. ఇది నీ మెడకే చుట్టుకుంటుంది తప్ప ఎవరికీ పనికిరాదు," అన్నారు అటార్నీ గారు.

"తెలుసు."

ఆవిడ నన్ను చూశారు. నేను రొవేనాకి ఫోన్ చేశాను. అరగంటలో పడవెక్కి, గంటన్నరలో మా గుమ్మంలో ఉంది. మొదటిరోజు నిలబడినట్టే నిలబడి క్రిస్పిన్‌ని కిందినుంచి పైదాకా చూసింది.

"ఓడలవాళ్ళు వద్దన్నాక నీకు నిజం గుర్తొచ్చిందా?"

"అవును వదినా," అన్నాడతను. ఇంకేమీ కలపలేదు.

అలా ఒప్పుకోవడం ఆమె ఊహించలేదనుకుంటాను. కుర్చీ లాక్కుని కూర్చుంది. "రాయించుకోండి అటార్నీ గారూ. మా షైలా చదవాలి. కోర్టు తీర్పు చూపించాను, అది లాయర్లు రాసిందంది. అదొక్కటే మాట, రెండేళ్ళలో."

అతను చెప్పాడు, నేను టైపు చేశాను. పడవ ముందే రావడం, రేడియోలో తిట్లు, తాడు కట్టకపోవడం, తను పట్టుకోకపోవడం. కెప్టెను బెదిరింపు. ఎక్కడా తనని కాపాడుకోలేదు. అంతా అయ్యాక రొవేనా అడిగింది.

"దిగేముందు ఏమైనా అన్నాడా?"

క్రిస్పిన్ కిటికీలోంచి నది వైపు చూశాడు. "రేవులో సిగ్నల్ దొరకగానే రొవేనాకి ఫోన్ చెయ్యాలి, అన్నాడు."

నా వేళ్ళు టైపు చెయ్యడానికి సిద్ధంగా ఉన్నాయి.

"నిజంగా అన్నాడా, నా కోసం అంటున్నావా?"

"అన్నాడు వదినా."

ఆమె అతని మొహంలోకి చాలాసేపు చూసింది. అంతసేపు ఒక మనిషిని మరో మనిషి చూడడం నేనెప్పుడూ చూడలేదు.

"అది రాయకు అన్నా," అంది నాతో. "నిజమో కాదో నాకు తెలియని మాట నా కూతురి చేత చదివించను. మిగతాదంతా ఉంచు."

సంతకాలయ్యాయి. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, క్రిస్పిన్‌కి చెయ్యి అందించకుండానే, తిట్టకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయింది. అతను ఇంకో పావుగంట నా బల్ల ముందే కూర్చుని వెళ్ళాడు.

నెల తర్వాత రేవు దగ్గర మామిడికాయల బుట్టతో కనిపించింది. షైలా ఆ కాగితం చదివిందా అని అడిగాను.

"చదివింది. రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. మూడోరోజు చేపల పులుసులో ఉప్పెక్కువైందని నన్ను నానా తిట్లూ తిట్టింది," అంది రొవేనా.